మీకు తెలుసా? టకటకలాడే కీబోర్డు కబుర్లు

మెకానికల్ కీబోర్డు అనగానే ఇప్పటి కుర్రకారుకు రంగుల లైట్లు, గేమింగ్ కుర్చీ, చెవుల నిండా హెడ్‌సెట్ గుర్తొస్తాయి. మన దగ్గర మాత్రం గేమర్ల కంటే ముందు డీటీపీ సెంటర్లవాళ్ళూ, అకౌంట్స్ సెక్షన్లవాళ్ళూ దాన్ని వాడేశారు. చెన్నై కంపెనీ టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ వారి ‘టీవీఎస్ గోల్డ్’ గుర్తుందా? గదిలో ఒకరు టైపు చేస్తుంటే వరండాలోకి వినపడేది. దాని కీల కింద కొన్నేళ్ళపాటు ఉన్నవి చెర్రీ ఎంఎక్స్ బ్లూ స్విచ్చులు. అవే స్విచ్చులున్న విదేశీ గేమింగ్ కీబోర్డు కావాలంటే దాని ధరకు కొన్ని రెట్లు పెట్టాల్సి వచ్చేది. సంగతి కనిపెట్టిన గేమర్లు బిల్లులు కొట్టే ఆ కీబోర్డునే ఇంటికి తెచ్చుకున్నారు.

కాబట్టి ఆటకూ పనికీ ఒకటే కీబోర్డు అన్నది మనకు కొత్తేమీ కాదు. కొనేముందు తెలిస్తే డబ్బు మిగిలే సంగతులు కొన్ని, ఊరికే సరదాకి తెలుసుకోదగ్గవి కొన్ని చూద్దాం.

అడుగుదాకా నొక్కక్కర్లేదు

మామూలు కీబోర్డులో కీలన్నిటి కిందా రబ్బరు గుబ్బల పొర పరిచి ఉంటుంది. గుబ్బ అణిగితేనే అక్షరం పడుతుంది. మెకానికల్‌లో ఒక్కో కీకి సొంత స్విచ్చు, సొంత స్ప్రింగు. చెర్రీ ఎంఎక్స్ రెడ్ లెక్క చూడండి: కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం నమోదైపోతుంది. అక్కడ కావలసిన బలం 45 సెంటీన్యూటన్లు, అంటే సుమారు 46 గ్రాముల బరువు మోపినంత. మిగతా సగం దిగినా దిగకపోయినా కంప్యూటరుకు పట్టదు.

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసైన వాళ్ళ వేళ్ళు మాత్రం ఈ మాట వినవు. టైప్‌రైటరు మీద గట్టిగా కొట్టకపోతే కాగితం మీద అచ్చు సరిగా పడేది కాదు; ఆ అలవాటు అంత తొందరగా పోదు. అలాంటి చేతికి 60 సెంటీన్యూటన్ల బ్లాక్ స్విచ్చు హాయిగా ఉంటుంది.

ఇంకో కొసన 2015లో యాపిల్ మ్యాక్‌బుక్‌లో పెట్టిన ‘బటర్‌ఫ్లై’ కీబోర్డు ఉంది. కీ దిగేది అర మిల్లీమీటరు చుట్టుపక్కలే. కాస్త దుమ్ము చేరితే చాలు, కీలు మొరాయించాయని కేసులు పడ్డాయి. 2022లో ఆ వ్యవహారం 5 కోట్ల డాలర్ల పరిహారంతో సర్దుబాటైంది.

అసలు సిసలు మెకానికల్ లోపల మెంబ్రేన్

పాతకాలపు మెకానికల్ కీబోర్డుల గురించి ఎక్కడ మాట వచ్చినా ముందు వినిపించే పేరు ఐబీఎం మోడల్ ఎం. 1985లో వచ్చింది. కీ నొక్కుతూ పోతే లోపలి స్ప్రింగు ఒక దశలో పక్కకు ఒరిగిపోతుంది, దాని అడుగునున్న చిన్న సుత్తి టక్కున పడుతుంది. ఆ సుత్తి పడేది మాత్రం మామూలు కీబోర్డుల్లో రబ్బరు గుబ్బల కింద ఉండే మెంబ్రేన్ పొర మీదే! 1981లో ఐబీఎం పీసీతో పాటు వచ్చిన మోడల్ ఎఫ్‌లో ఈ పొర లేదు, అది కెపాసిటెన్స్ మార్పును పసిగట్టి పనిచేసేది. ఖర్చు తగ్గించే ప్రయత్నంలో పుట్టిన మోడల్ ఎం అంతకన్నా పేరు తెచ్చుకుంది. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని యూనికాంప్ అనే కంపెనీ ఈ తరహా కీబోర్డులను ఇంకా తయారుచేస్తూనే ఉంది. ఇది మెకానికలా కాదా అని వాదించుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దాని మీద టైపు చేసినవాళ్ళు మాత్రం ఆ వాదనలోకి దిగరు.

రంగు చూసి మోసపోవచ్చు

ఎరుపు అంటే మెత్తగా జారిపోయేది, గోధుమ రంగు అంటే మధ్యలో చిన్న మెట్టు తగిలేది, నీలం అంటే మెట్టుతో పాటు టిక్కుమనేది. ఇదంతా చెర్రీ పెట్టుకున్న పద్ధతి. పేటెంటు గడువు తీరాక చైనా కంపెనీలు గేటరాన్, కైల్, ఔటెము అదే ఆకారంలో స్విచ్చులు చేసి, రంగుల వరసను కూడా చాలావరకు తీసుకున్నాయి. అలాగని రంగులకు ఎక్కడా ప్రమాణమంటూ లేదు. ఒక కంపెనీ ఆకుపచ్చ ఇంకో కంపెనీ ఆకుపచ్చలా ఉండాలని లేదు. కాబట్టి రంగు పక్కన పెట్టి మూడు అంకెలు అడగండి: ఎంత బలం, ఎక్కడ నమోదు, మొత్తం ఎంత లోతు.

నీలం స్విచ్చులో ఒక తిరకాసుంది. అక్షరం ఒక చోట నమోదైతే, కీ తిరిగి సిద్ధం కావడానికి అంతకంటే పైకి రావాలి. టైపింగులో ఇది తెలియదు. ఆటలో ఒకే కీని టపటపా రెండుసార్లు కొట్టాల్సి వచ్చినప్పుడు వేలికి అడ్డం పడుతుంది. గోధుమ రంగు స్విచ్చును రెంటికీ పనికొస్తుందని అందరూ చెబుతారు. నా మట్టుకు అది మొహమాటం సలహా. ఆ మెట్టు ఎంత మెత్తగా ఉంటుందంటే, ఉందో లేదో చాలామంది వేళ్ళకు తెలియదు. ఇంట్లో నిద్రపోయే పసిపిల్లలున్నా, ఆఫీసులో పక్క సీటు దగ్గరగా ఉన్నా ఎరుపుకు వెళ్ళిపోవడం మేలు.

రెండు షిఫ్టులూ పట్టుకుని టైపు చేసి చూడండి

104 కీలకు 104 తీగలు వేయరు. కీలను అడ్డ వరసలుగా, నిలువు వరసలుగా పేర్చి, ఏ అడ్డం ఏ నిలువుతో కలిసిందో చూసి ఏ కీ నొక్కారో తేలుస్తారు. చిక్కు ఎక్కడంటే, దీర్ఘచతురస్రం మూలల్లో ఉండే నాలుగు కీలలో ఏ మూడు నొక్కినా నాలుగోదీ నొక్కినట్టే కనిపిస్తుంది. దీన్ని ‘గోస్టింగ్’ అంటారు. లేని అక్షరం తెర మీద పడకుండా చవక కీబోర్డులు ఆ మూడో కీని కూడా పట్టించుకోవడం మానేస్తాయి. మంచి మెకానికల్ కీబోర్డులో ప్రతి స్విచ్చుకూ ఒక డయోడ్ ఉంటుంది, కరెంటు వెనక్కి పారదు, గోస్టింగ్ ఉండదు.

ఇప్పుడు మీ దగ్గరున్న కీబోర్డునే పరీక్షించవచ్చు. నోట్‌ప్యాడ్ తెరిచి, రెండు షిఫ్టు కీలూ పట్టుకుని, ఆంగ్ల అక్షరాలన్నీ ఉండే ఏదైనా వాక్యం కొట్టండి. చాలా మామూలు కీబోర్డుల్లో కొన్ని అక్షరాలు ఎగిరిపోతాయి. ముందుకు పరిగెడుతూ, పక్కకు తిరుగుతూ, గెంతుతూ ఒకేసారి నాలుగు కీలు నొక్కే ఆటగాడికి ఆ ఎగిరిపోయే అక్షరాలే ప్రాణాంతకం. యూఎస్‌బీ మూల పద్ధతిలో షిఫ్టు, కంట్రోల్ లాంటివి కాక 6 కీలను ఒకేసారి పంపవచ్చు. పది వేళ్ళతో ఆడేవాడికి కూడా దాదాపు అది చాలు.

8000 సార్లు అడిగితే ఏమొస్తుంది?

పెట్టె మీద ‘8000 హెర్ట్జ్’ అని బంగారు అక్షరాలు కనిపిస్తాయి. కంప్యూటరుకు కీబోర్డు సెకనుకు 8000 సార్లు కబురు చెప్పగలదని అర్థం, అంటే 0.125 మిల్లీసెకన్లకోసారి. పాత 1000 హెర్ట్జ్‌లో అది 1 మిల్లీసెకను. ఆదా అయ్యేది మిల్లీసెకను కన్నా తక్కువ. మీ మానిటరు 60 హెర్ట్జ్ అయితే బొమ్మ మారడానికే 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. 144 హెర్ట్జ్ మానిటరులో అది 6.9కి దిగుతుంది. పైగా స్విచ్చులోని లోహపు రేకులు తగిలినప్పుడు కాస్త కంపిస్తాయి. ఒక్క నొక్కుడు రెండుగా లెక్కపడకుండా కీబోర్డు కొంచెం ఆగుతుంది. చాలామంది వాడే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ క్యూఎంకేలో మామూలుగా ఆ ఆగడం 5 మిల్లీసెకన్లు. ఈ లెక్కలన్నీ చూశాక డబ్బు మానిటరు మీద పెట్టాలో, కీబోర్డు పెట్టె మీది అంకె మీద పెట్టాలో చెప్పక్కర్లేదు.

ఆట నుంచి గెంటించే కీబోర్డు

1879లో అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్విన్ హాల్, కరెంటు పారే లోహపు రేకు దగ్గరికి అయస్కాంతం తెస్తే రేకు అడ్డంగా చిన్న వోల్టేజి పుడుతుందని కనిపెట్టాడు. 1960ల చివర హనీవెల్ కంపెనీ ఆ సూత్రంతో కీబోర్డులు చేసింది. లోహాలు తగిలే పనే లేదు కాబట్టి అరుగుదలా లేదు. తర్వాత జనం మరిచిపోయారు.

ఈమధ్య నెదర్లాండ్స్‌లోని వూటింగ్ అనే కంపెనీ 60హెచ్‌ఈ కీబోర్డుతో దాన్ని గేమర్ల నోళ్ళలో నానేలా చేసింది. కీ కాడకు అయస్కాంతం ఉంటుంది, కింద సెన్సరు అది ఎంత లోతుకు వచ్చిందో ఎప్పటికప్పుడు చూస్తుంటుంది. అందుకే అక్షరం ఎంత లోతులో నమోదు కావాలో, 0.1 నుంచి 4 మిల్లీమీటర్ల లోపు, మనమే పెట్టుకోవచ్చు. ‘ర్యాపిడ్ ట్రిగ్గర్’ అయితే మరీ విచిత్రం: వేలు పైకి లేవడం మొదలెట్టగానే కీ వదిలేసినట్టే లెక్క. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆటల్లో కాల్చేముందు కాలు ఆగితేనే గురి కుదురుతుంది, కాబట్టి ఇది నిజంగానే పనికొస్తుంది.

అక్కడితో ఆగలేదు. 2024 జూలైలో రేజర్ కంపెనీ ‘స్నాప్ ట్యాప్’ తెచ్చింది. ఎడమ, కుడి కీలు రెండూ పట్టుకుని ఉన్నా చివర నొక్కినదే చెల్లుతుంది. ఏళ్ళ తరబడి సాధన చేస్తే వచ్చే వేలి నేర్పును కీబోర్డే చేసిపెట్టేస్తోందని గొడవ మొదలైంది. ఆగస్టులో వాల్వ్ కంపెనీ కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో ఇలాంటి సదుపాయం వాడినట్టు తేలితే ఆట నుంచి బయటకు పంపేస్తామంది. ర్యాపిడ్ ట్రిగ్గర్ జోలికి మాత్రం పోలేదు. మీ పని ఈమెయిళ్ళు, ఎక్సెల్ అయితే ఈ అయస్కాంతాలకు అదనంగా డబ్బు పెట్టకండి. 0.1 మిల్లీమీటరు దగ్గర పెట్టుకుంటే వేలు ఆనించినా అక్షరం పడిపోయి టైపింగ్ చిరాకవుతుంది.

తెలుగు టైపిస్టుకు కుడి చిటికెన వేలే దిక్కు

ఇన్‌స్క్రిప్ట్ అమరికను 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణంగా తెచ్చింది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. తెలుగు ‘క’ ఏ కీ మీద ఉందో హిందీ, బెంగాలీ ‘క’ కూడా అక్కడే. ఇందులో జ, చ, ట, డ నాలుగూ కుడి చిటికెన వేలి వైపే పడ్డాయి. మనిషి చేతిలో బలహీనమైన వేలికి ఇంత పని! జపాన్‌లో టోప్రే కంపెనీ రియల్‌ఫోర్స్ కీబోర్డుల్లో కొన్నింటికి చిటికెన వేలి కీలు 30 గ్రాములతో, మిగతావి అంతకంటే బరువుగా చేస్తుంది. స్విచ్చులు ఊడదీసి మార్చుకునే కీబోర్డు అయితే ఆ నాలుగు కీల కింద తేలిక స్ప్రింగు స్విచ్చులు వేసుకుని మనమూ ఆ ఏర్పాటు చేసుకోవచ్చు.

మరీ చిన్న కీబోర్డులు మనకు పనికిరావు. ‘ట’ కొటేషన్ గుర్తు కీ మీద, ‘డ’ బ్రాకెట్ కీ మీద ఉంటాయి. 40 శాతం సైజు కీబోర్డుల్లో సాధారణంగా ముందు పోయేవి ఆ కీలే. అనూ ఫాంట్లతో యాపిల్ అమరికలో కొట్టే డీటీపీవాళ్ళకు అమరిక వేరైనా ఇబ్బంది ఇలాంటిదే.

ట్యాలీ వాడేవాళ్ళు సైజు దగ్గర మొహమాటపడొద్దు

61 కీల కీబోర్డు బల్ల మీద ముద్దుగా ఉంటుంది, మౌసు తిప్పుకోవడానికి బోలెడు చోటు మిగులుతుంది. కానీ దానికి ఎఫ్ వరస ఉండదు, బాణం కీలు ఉండవు, అంకెల దిమ్మె ఉండదు. ట్యాలీలో పేమెంట్‌కు ఎఫ్5, రిసీట్‌కు ఎఫ్6, సేల్స్‌కు ఎఫ్8. ప్రతిదానికీ ఇంకో కీ కలిపి పట్టుకోవాలంటే సాయంత్రానికి చేయి పడిపోతుంది. జీఎస్టీ లెక్కలు కొట్టేవాళ్ళకు 104 కీలే సరి. రాత్రి ఆటా, పగలు కోడింగూ అయితే అంకెల దిమ్మె ఒక్కటి తీసేసిన 87 కీలది చక్కగా కుదురుతుంది.

రూపాయి గుర్తు 2010లో వచ్చింది. విదేశీ కీబోర్డు మీద అది అచ్చయి ఉండకపోవచ్చు, బెంగపడకండి. విండోస్‌లో ఇండియా ఇంగ్లీషు అమరిక పెట్టుకుని కుడి ఆల్ట్ పట్టుకుని 4 నొక్కండి.

చప్పుడు వింటే అక్షరం తెలిసిపోతుంది

2004లో ఐబీఎం పరిశోధకులు, ఒక్కో కీ చప్పుడు ఒక్కోలా ఉంటుందనీ, దాన్ని బట్టి ఏ కీ నొక్కారో చెప్పవచ్చనీ చూపించారు. మరుసటి ఏడాది బర్క్‌లీ పరిశోధకులు పది నిమిషాల టైపింగ్ చప్పుడు రికార్డు చేసి అక్షరాల్లో 96 శాతం దాకా రాబట్టారు. మెత్తని కీబోర్డు వాడితే గండం తప్పుతుందా? 2023లో బ్రిటన్ పరిశోధకులు మ్యాక్‌బుక్ చప్పుడును పక్కన పెట్టిన ఫోనుతో రికార్డు చేసి 95 శాతం, జూమ్ కాల్‌లో విని 93 శాతం కచ్చితంగా పట్టుకున్నారు. మీటింగులో ఉండగా పాస్‌వర్డు కొట్టాల్సి వస్తే మైకు కట్టేయండి.

మెరిసేదంతా కొత్తది కాదు

కీల పైతొడుగులు ఎక్కువగా రెండు రకాల ప్లాస్టిక్‌తో చేస్తారు. ఏబీఎస్ అంటే లెగో ఇటుకలు చేసేది. నున్నగా ఉంటుంది, కొన్ని నెలలకే వేళ్ళ జిడ్డుకూ రాపిడికీ మెరుపెక్కుతుంది. పీబీటీ గరుకుగా ఉండి చాలాకాలం అలాగే ఉంటుంది. మిరపకాయ బజ్జీ తింటూ ఆడే అలవాటున్న ఇళ్ళలో రెండోదే మంచిది.

కొట్లో కీబోర్డు చేతికిస్తే అందరూ మధ్య అక్షరాలు నొక్కి చూస్తారు. స్పేస్ బార్ రెండు చివర్లు నొక్కి చూడండి. మామూలు కీ స్థలం 19.05 మిల్లీమీటర్లైతే స్పేస్ బార్ దానికి 6.25 రెట్లు పొడవు. అడుగున తీగ ఆధారం సరిగా లేకపోతే గలగలమంటుంది. తయారీలో పొదుపు చేశారా లేదా అన్నది అక్కడ తెలిసిపోతుంది.

స్విచ్చులు మార్చుకునే ‘హాట్ స్వాప్’ కీబోర్డు కొంటే ఒకటి అడగండి: సాకెట్లు మూడు కాళ్ళవా, అయిదు కాళ్ళవా? మూడు కాళ్ళదైతే అయిదు కాళ్ళ స్విచ్చు దిగదు. అలాగని పారేయక్కర్లేదు. అదనంగా ఉన్న రెండూ స్విచ్చు కదలకుండా పట్టుకునే ప్లాస్టిక్ కాళ్ళే, కరెంటుతో వాటికి పనిలేదు. గోళ్ళ కత్తెరతో తుంచేస్తే చక్కగా కూర్చుంటుంది. అయస్కాంతం స్విచ్చులు మాత్రం మామూలు సాకెట్టులో ఎన్ని తుంచినా పనిచేయవు.