గల్వాన్ గురించి మాట్లాడే ముందు: అపోహలు – వాస్తవాలు

సూర్యాపేట కోర్టు చౌరస్తాలో కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు కాంస్య విగ్రహం ఉంది. ఉమ్మడి నల్గొండ జిల్లాలో చైనా ప్రస్తావన ఎక్కడొచ్చినా ఆ పేరు కూడా వస్తుంది. 16వ బిహార్ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్‌గా ఉంటూ 2020 జూన్ 15 రాత్రి తూర్పు లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయన వీరమరణం పొందారు. ఆయనతో కలిపి 20 మంది సైనికులను దేశం కోల్పోయింది. ఆ రాత్రి గురించి ఊళ్లలో, ఫోన్లలో తిరిగే మాటల్లో అభిమానం నిండుగా ఉంటుంది గానీ నిజం తరచూ తప్పిపోతోంది. ఆయన ఏ పని మీద వెళ్లి ప్రాణమిచ్చారో సరిగ్గా తెలుసుకోవడం మన బాధ్యత.

అపోహ: మన సైనికులను చేతిలో ఆయుధం లేకుండా పంపించారు.

వాస్తవం: సరిహద్దు విధుల్లో ఉన్నవాళ్ల దగ్గర ఎప్పుడూ ఆయుధాలుంటాయి. గల్వాన్‌లో ఆ రోజు ఉన్నవాళ్ల దగ్గరా ఉన్నాయని విదేశాంగ మంత్రి ఎస్.జైశంకర్ 2020 జూన్ 18న స్పష్టం చేశారు. ఎదురుబడ్డప్పుడు తుపాకీ పేల్చకపోవడం అప్పటికి చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. 1996 నవంబర్ 29న ఢిల్లీలో భారత్, చైనాల మధ్య కుదిరిన ఒప్పందం ఆరో అధికరణం ప్రకారం, వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఇరుపక్షాలూ కాల్పులు జరపకూడదు. 2005 ఒప్పందమూ అదే బాటలో నడిచింది. అందుకే ఆ రాత్రి రాళ్లు, ఇనుప రాడ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలతో దాడి జరిగింది.

అపోహ: ఇరవై మందీ అక్కడికక్కడే చనిపోయారు. ప్రభుత్వం మొదట సంఖ్య దాచింది.

వాస్తవం: జూన్ 16న సైన్యం మొదట చెప్పింది ముగ్గురి మరణం గురించే: ఒక అధికారి, ఇద్దరు జవాన్లు. అదే రోజు రాత్రి రెండో ప్రకటన వచ్చింది. తీవ్రంగా గాయపడిన మరో 17 మంది ఎత్తైన ఆ కొండల్లో, గడ్డకట్టే చలిలో ప్రాణాలు విడిచారని అందులో ఉంది. సంఖ్య పెరగడానికి కారణం ఆ గాయాలు, ఆ చలి. చైనా మాత్రం ఎనిమిది నెలలు నోరు విప్పలేదు. 2021 ఫిబ్రవరి 19న తమవాళ్లు నలుగురు చనిపోయారని ఒప్పుకుంది. అంతకంటే పెద్ద అంకెలు రకరకాలుగా ప్రచారంలో ఉన్నా, వాటిలో దేన్నీ చైనా ఒప్పుకోలేదు. వాటిని తేలిన లెక్కలుగా చెప్పుకోవడం సరికాదు.

అపోహ: 1962 యుద్ధం తర్వాత చైనా సరిహద్దులో నెత్తురు చిందింది గల్వాన్‌లోనే.

వాస్తవం: 1967లో సిక్కిం వైపు నాథులా, చోలా కనుమల దగ్గర ఫిరంగులే మోగాయి. మన సైన్యం దీటుగా బదులిచ్చింది. 1975 అక్టోబర్‌లో అరుణాచల్‌లోని తులుంగ్ లా దగ్గర నలుగురు అస్సాం రైఫిల్స్ జవాన్లు మరణించారు. ఆ తర్వాత 45 ఏళ్లపాటు ఆ సరిహద్దు ఘర్షణల్లో ఎవరి ప్రాణమూ పోలేదు. గల్వాన్ దేశాన్ని అంతగా కుదిపేయడానికి ఇదీ ఒక కారణం.

అపోహ: వాస్తవాధీన రేఖ అంటే రెండు దేశాలూ ఒప్పుకున్న సరిహద్దు.

వాస్తవం: అది హద్దురాళ్లు పాతని పొలం గట్టు లాంటిది. దాని పొడవు 3,488 కిలోమీటర్లని మనమంటాం. చైనా దాదాపు 2,000 కిలోమీటర్లే అంటుంది. చాలా చోట్ల ఎవరి రేఖ వారిదే. అందుకే రెండు వైపుల గస్తీ దళాలూ ఒకే నేల మీదికి వచ్చి ఎదురుపడతాయి.

అపోహ: చర్చలంటే చేతకానితనం. సైనికుడి దారి వేరు, దౌత్యవేత్త దారి వేరు.

వాస్తవం: సంతోష్‌బాబు త్యాగానికి అన్నిటికంటే ఎక్కువ అన్యాయం చేసే మాట ఇదే. 2020 జూన్ 6న రెండు సైన్యాల ఉన్నతాధికారులు చర్చించి, బలగాలను దశలవారీగా వెనక్కి తీసుకోవాలని అనుకున్నారు. ఆ మాట గల్వాన్‌లో, 14వ గస్తీ పాయింట్ దగ్గర అమలవుతోందో లేదో చూసుకునే బాధ్యత ఆయనది. చర్చల్లో కుదిరిన మాటను నేల మీద నిలబెట్టే పనిలోనే ఆయన ప్రాణం పోయింది. వాస్తవాధీన రేఖ వెంట శాంతి కోసం తొలి ఒప్పందం కుదిరింది కూడా మన తెలంగాణ బిడ్డ పి.వి.నరసింహారావు ప్రధానిగా బీజింగ్ వెళ్లినప్పుడే, 1993 సెప్టెంబర్ 7న. గల్వాన్ తర్వాత కూడా చర్చలు ఆగలేదు. 2024 ఫిబ్రవరి నాటికి కోర్ కమాండర్ల స్థాయిలో 21 విడతలు జరిగాయి. తూర్పు లద్దాఖ్‌లోని దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో గస్తీపై అదే ఏడాది అక్టోబర్ 21న అవగాహన కుదిరినట్టు ప్రభుత్వం ప్రకటించింది. సైన్యం అన్నేళ్లు మంచుకొండల్లో కదలకుండా నిలబడింది కాబట్టే చర్చల బల్ల దగ్గర మన మాటకు బరువొచ్చింది.

అపోహ: చైనా సరుకు కొనడం మానేస్తే చాలు, దారికొస్తుంది.

వాస్తవం: 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. అయినా 2021లో రెండు దేశాల వాణిజ్యం 125 బిలియన్ డాలర్లు దాటింది. మందుల తయారీకి కావలసిన ముడి రసాయనాల్లో మనం దిగుమతి చేసుకునేవి ఎక్కువగా అక్కడివే. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మాత్రలు చేసే పరిశ్రమలున్నాయి, చౌటుప్పల్ వైపు బల్క్ డ్రగ్ యూనిట్లున్నాయి. ముడిసరుకు ఒక్కసారిగా ఆగితే పని పోయేది మన పాలమూరు, నల్గొండ కార్మికులకే. ఆ ముడిసరుకును ఇక్కడే తయారుచేసుకోవడమే గట్టి జవాబు. 2020లో కేంద్రం 6,940 కోట్ల రూపాయలతో బల్క్ డ్రగ్ ప్రోత్సాహక పథకం తెచ్చింది అందుకే. దాని ఫలితానికి ఏళ్లు పడుతుంది.

అపోహ: యుద్ధమే ప్రకటించలేదు, మరి యుద్ధకాల పతకం ఎలా ఇచ్చారు?

వాస్తవం: సంతోష్‌బాబుకు 2021 గణతంత్ర దినోత్సవాన ప్రకటించిన మహావీర్ చక్ర, శత్రువు ఎదుట చూపిన శౌర్యానికిచ్చే పతకాల్లో పరమవీర్ చక్ర తర్వాతిది. దానికి యుద్ధ ప్రకటన అక్కర్లేదు.

విదేశాంగ విధానం ఢిల్లీ పెద్దల సంగతని ఊరుకోవడానికి వీల్లేదు. దాని ఫలితం సూర్యాపేటలో ఒక ఇంటికి నేరుగా తగిలింది. పార్లమెంటులో జవాబులు, శాఖల ప్రకటనలు ఎక్కువగా హిందీలో, ఇంగ్లిషులోనే వస్తాయి. ఆ ఖాళీలోకే పుకారు చొరబడుతుంది. 1996 ఒప్పందంలో ఉన్నవి పన్నెండు అధికరణాలే. వాటిని తెలుగులో అచ్చువేసి మన గ్రంథాలయాల్లో, కాలేజీల్లో చదివించవచ్చు. ఈ మాట ఎవరన్నారు, ఏ తేదీన అన్నారు అని అడిగే అలవాటు చౌరస్తాల్లో రావాలి. సంతోష్‌బాబు పేరు తలచుకునే ప్రతి ఒక్కరూ ఆయన గురించి నిజమే చెప్పాలి.