మీకు తెలుసా? ఎలుగుకు ‘ఎలుగులాంటిది’ అని పేరు!

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌ను ఆనుకుని ఉన్న యాప్రాల్‌లో ఇంగ్లిష్ చెవిన పడని రోజుండదు. ఆ భాషలో ఒక వింత ఉంది. ఫాక్స్, వుల్ఫ్, బేర్ అచ్చమైన ఇంగ్లిష్ మాటలు. కానీ నక్కజిత్తుల మనిషిని ‘వల్పైన్’ అంటారు. తోడేలును తలపించేది ‘లూపైన్’, ఎలుగును తలపించేది ‘అర్సైన్’. ఈ విశేషణాలన్నీ లాటిన్ నుంచి వచ్చినవే.

ఈ ‘అర్సైన్’ మన నల్లమల ఎలుగుబంటికీ అంటుకుంది. 1791లో జార్జ్ షా అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దాని పొడవాటి గోళ్లవల్ల పొరబడి, దాన్ని దక్షిణ అమెరికా స్లాత్‌ల ప్రజాతిలో కలిపేశాడు. పెట్టిన పేరు ‘బ్రాడిపస్ అర్సైనస్’, అంటే ఎలుగులాంటి స్లాత్! తర్వాత ప్రజాతి పేరు మార్చారు గానీ రెండో మాటను అలాగే ఉంచారు. ఇప్పటి పేరు ‘మెలర్సస్ అర్సైనస్’. విడదీస్తే ‘ఎలుగులాంటి తేనె ఎలుగు’. నవ్వొచ్చినా శాస్త్రీయ నామం ఇదే.

మనకైతే ఈ ‘లాంటి’ గొడవే లేదు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌ను ఎదిరిస్తూ తుపాకులకు గుండె చూపిన ప్రకాశం పంతులు నేరుగా ‘ఆంధ్రకేసరి’, అంటే ఆంధ్ర సింహమే అయిపోయారు.

అన్నట్టు, అడవి జంతువు కాకపోయినా ఆవు విషయంలో జాగ్రత్త. ఇంగ్లిష్‌లో మనిషిని ‘బోవైన్’ (ఆవులాంటి) అంటే సాధువని మెచ్చుకోవడం కాదు, మందమతి అని తిట్టడం!