బండి మాట కూడా కాస్త వినండి

కుక్కర్ మూడో విజిల్ వెయ్యబోతోందని మనకి ముందుగానే తెలిసిపోతుంది. మిక్సీలో పప్పు నలిగిందో లేదో మూత తీసి చూడక్కర్లేదు, చప్పుడు మారితే చాలు. పోపులో ఆవాల చిటపటలు ఆగాయంటే వీధి అరుగు మీదున్నా లేచి పరిగెడతాం. ఇన్ని చప్పుళ్లు పోల్చుకునే చెవులు మనవి. అయినా వాకిట్లో మోటార్ సైకిలు ఎంత మొత్తుకున్నా 'అది మగవాళ్ల సంగతిలే' అనుకుని ఊరుకుంటాం. నేనూ అలాగే ఊరుకున్నాను. దాని ఖరీదు మావారి కుడి మణికట్టు.

అది 2019 వానాకాలం. మాది విశాఖపట్నంలో గోపాలపట్నం. మావారిది సబ్బవరంలో టీచరు ఉద్యోగం. రానూపోనూ దగ్గర దగ్గర నలభై కిలోమీటర్లు. ఉన్నది పదకొండేళ్ల పాత వంద సీసీ బండి. రోజూ పొద్దున్న ఆయన కిక్కు కొట్టగానే వచ్చే చప్పుడు వంటింట్లోకి వినిపించేది. ఒకరోజు అందులో ఏదో తేడా అనిపించింది. కుట్టుమిషనులా మెత్తగా ఆడేది కాస్తా టకటకమని కొట్టుకుంటోంది.

"ఏమండీ, బండి చప్పుడు మారిందండీ" అన్నాను.

"పాత బండి, చప్పుడు చెయ్యక సంగీతం పాడుతుందా? నువ్వా పోపు మాడకుండా చూసుకో" అన్నారు నవ్వుతూ.

నేనూ నవ్వేశాను. రెండోసారి చెప్పలేదు.

పది రోజులు తిరక్కుండానే ఒక సాయంత్రం ఇంటికొస్తూ, పెందుర్తి ఇంకా చేరకముందే, నడుస్తున్న బండి వెనక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. బండి అడ్డంగా జారిపోయింది. నెత్తిన హెల్మెట్ ఉంది, వెనకాల లారీ ఏదీ రాలేదు కాబట్టి మణికట్టు ఎముకతో పోయింది. ఆరు వారాలు చేతికి కట్టు.

మా వీధి చివర మెకానిక్ పెద్దాయన ఇంజిన్ విప్పి చూశాడు. "ఆయిలు చుక్క లేదమ్మా. పిస్టను బోరుకి పట్టేసింది. ఊరికే ఇలా అవదు, ముందునించీ కొట్టుకునే ఉంటుంది. ఇంట్లో ఎవరూ వినలేదా?" అన్నాడు.

విన్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఆ ఆరు వారాల్లో పనంతా అయ్యాక మధ్యాహ్నాలు ఆ షెడ్డుకి వెళ్లి, స్టూలు మీద కూర్చుని ఆయన్ని అడిగి తెలుసుకున్నాను. మొదట్లో ఆయనకి వింతగా ఉండేది. తర్వాత తర్వాత "ఇది వినమ్మా" అని ఆయనే పిలిచేవాడు. అక్కడ నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను.

ముందు 'ఎప్పుడు' అని అడగండి

కడుపునొప్పి అని వెళితే డాక్టరుగారు 'తిన్నాకా? తినకముందా?' అని అడుగుతారు కదా. బండికీ అంతే. ఏం చప్పుడన్నది తర్వాత, ఎప్పుడొస్తోందన్నది ముందు.

మొదటి పరీక్ష: ఇంజిన్ ఆపేసి, న్యూట్రల్‌లో పెట్టి, బండిని చేత్తో తోసి చూడండి. చప్పుడు అప్పుడూ వస్తోందంటే అది ఇంజిన్‌ది కాదు. చైను, బ్రేకు, చక్రం బేరింగు - వీటిలో ఒకటి.

రెండోది: పెద్ద స్టాండు వేసి, న్యూట్రల్‌లోనే స్టార్టు చేసి కొంచెం కొంచెంగా రేజ్ చెయ్యండి. దాంతోపాటే చప్పుడూ జోరందుకుంటే ఇంజిన్ వైపు చూడాలి.

మూడోది: అలా ఆడుతుండగానే క్లచ్ నొక్కండి. నొక్కగానే చప్పుడు ఆగినా, తేలికపడినా గొడవ క్లచ్ దగ్గరో గేర్‌బాక్సు బేరింగు దగ్గరో ఉండొచ్చు.

నాలుగోది: పొద్దున్న చల్లగా ఉన్నప్పుడా, పది కిలోమీటర్లు తిరిగి వేడెక్కాకా? చల్లగా ఉన్నప్పుడు కొంచెం కొట్టుకుని, వేడెక్కాక సర్దుకునేది అంత కంగారుపడాల్సింది కాదు. వేడెక్కేకొద్దీ పెరిగేదాన్ని మాత్రం నిర్లక్ష్యం చెయ్యకూడదు.

ఈ నాలుగు సంగతులూ ఒక కాగితం మీద రాసుకెళ్లి మెకానిక్‌కి చెప్పి చూడండి. 'ఏదో సౌండొస్తోంది, చూడు' అన్నవాళ్లతో మాట్లాడినట్టు మీతో మాట్లాడడు.

ఏ చప్పుడు ఏమంటుంది?

సన్నగా టిక్ టిక్ మంటూ ఇంజిన్ పైభాగం నుంచి వస్తే సాధారణంగా ట్యాపెట్లు. బండి నిలబడి స్లోలో ఆడుతున్నప్పుడు ఇంజిన్ నిమిషానికి ఇంచుమించు 1,400 సార్లు తిరుగుతుంది. ఆ నిమిషంలోనే ఒక్కో వాల్వు 700 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య వెంట్రుక మందమంత సందు ఉండాలి. అది పెరిగితే చప్పుడు. కంపెనీవాళ్లు చెప్పిన కొలతకి సరిచేయిస్తే పోతుంది, పెద్ద ఖర్చు కాదు. ఇక్కడో తమాషా ఉంది. సందు బొత్తిగా తగ్గిపోతే చప్పుడే ఉండదు, కానీ వాల్వు సరిగ్గా మూసుకోక కాలిపోతుంది. నోరెత్తడం లేదు కదా అని అంతా బాగుందనుకోకూడదన్నమాట. ఇది బండ్లకే కాదనుకోండి!

ఇంజిన్ పక్కనుంచి గొలుసు ఆడించినట్టు గలగలమంటే టైమింగ్ చైను వదులైందేమో చూపించాలి. బాగా అరిగి పళ్లు దాటిందంటే లోపల వాల్వులకే ముప్పు.

సింహాచలం కొండెక్కుతున్నప్పుడు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపిస్తే అది నాకింగ్. పెద్ద గేరులో బండిని ఈడ్పిస్తున్నాం అన్నమాట. గేరు తగ్గిస్తే చాలాసార్లు ఆగిపోతుంది. అయినా ఆగకపోతే లోపల మసి పేరుకోవడమో, కల్తీ పెట్రోలో, ప్లగ్గు సరైంది కాకపోవడమో కారణం కావచ్చు.

ఫట్ ఫట్‌మని గాలి తన్నుతున్నట్టు వస్తే సైలెన్సరు ఇంజిన్‌కి కలిసే చోట వాషరు పోయుండొచ్చు. ఒక్కోసారి సైలెన్సరు మీది రేకు బోల్టు వదులై కూడా బండంతా గోల చేస్తుంది. రెంచీ తిప్పితే అయిపోయేదానికి ఇంజిన్ విప్పించుకున్నవాళ్లున్నారు.

ఇక భయపడాల్సిన చప్పుడు ఒకటుంది. ఇంజిన్ కిందిభాగం నుంచి సుత్తితో మోదినట్టు బరువుగా దబ్ దబ్‌మంటుంది. రేజ్ చేస్తే మరీ ఎక్కువవుతుంది. కనెక్టింగ్ రాడ్ బేరింగు పోతే వచ్చే చప్పుడు అది. అప్పుడు 'ఇల్లు చేరాక చూద్దాంలే' అనుకోకండి. బండి ఆపేసి, ట్రాలీ ఆటోలో వేయించండి.

ఆయిలు చూడటం మనకీ వచ్చు

మా కొంప ముంచింది ఆయిలే. వంద సీసీ బండిలో పట్టేది లీటరు అటూ ఇటూ. అందులోంచి రోజూ కాస్త కాస్త కాలిపోతుంటే కంటికి కనిపించదు. పదిహేను రోజులకోసారి బండిని చదునైన చోట పెద్ద స్టాండు వేసి, ఇంజిన్ కాసేపు ఆడించి ఆపి, రెండు మూడు నిమిషాలయ్యాక ఆయిలు పుల్ల తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. రెండు గీతల మధ్య ఉందా, సరే. కింది గీతకి దిగిందా, పోయించాలి. పుల్లని మర బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అందులోనే చైను ఎంత వదులుండాలో కూడా రాస్తారు.

ఇంకొకటి. నడుస్తున్న బండి హఠాత్తుగా బిగబట్టినట్టయితే వెంటనే క్లచ్ నొక్కెయ్యాలి. చక్రానికి ఇంజిన్‌తో లంకె తెగి, బండి దొర్లుతుంది, నెమ్మదిగా పక్కకి తీసుకోవచ్చు. ఈ ఒక్క ముక్క మా ఇంట్లో ముందే తెలిసుంటే ఆ మణికట్టు మిగిలేది. బండి నడిపే మీ పిల్లలకి ఈ రాత్రే చెప్పండి.

ఆడుతున్న బండి దగ్గర కూర్చునేటప్పుడు చీరకొంగు, చున్నీ గట్టిగా దోపుకోండి. సైలెన్సరుకి చెయ్యి తగలనివ్వకండి. తలుపులు మూసిన చోట ఇంజిన్ ఆడించకండి, ఆ పొగ ప్రాణాంతకం.

రెండోసారి చెప్పాను

2023లో బండి మళ్లీ చప్పుడు మొదలెట్టింది. ఈసారి కరకరమని. మా పెద్దాయన ఊళ్లో లేక మావారు వేరే షెడ్డుకి తీసుకెళితే "ఇంజిన్ విప్పాల్సిందే సార్, ఏడెనిమిది వేలవుతుంది" అన్నారట. ఆయన ముఖం వేలాడేసుకుని వచ్చారు.

"ఉండండి, ఒకసారి తోసి చూద్దాం" అన్నాను.

"షెడ్డువాడికి తెలియంది నీకు తెలుస్తుందా?"

ఈసారి నేను నవ్వలేదు. "తోసి చూద్దామండీ" అన్నాను మళ్లీ.

ఇంజిన్ ఆపేసి వీధిలో నాలుగడుగులు తోశారు. కరకర అలాగే ఉంది. వంగి చూస్తే చైను వేలాడుతోంది, పళ్లచక్రం పళ్లు అరిగి ముళ్లలా మొనదేలాయి. చైనూ పళ్లచక్రాలూ మార్పించాం, అంతే. వాళ్లడిగినదాంట్లో నాలుగోవంతు కూడా కాలేదు.

ఇప్పుడు పొద్దున్న బండి స్టార్టు చేశాక మావారు గేటు దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. "ఏమోయ్, ఎలా ఉంది?" అని కేకేస్తారు. "బాగానే ఉంది, వెళ్లిరండి" అని వంటింట్లోంచే చెబుతాను. వాన వచ్చినప్పుడల్లా ఆ మణికట్టు ఇంకా సలుపుతూనే ఉంటుంది.

మీ చెవిని మీరు నమ్మండి. చప్పుడు మారిందనిపిస్తే చెప్పండి. నవ్వితే, రెండోసారి చెప్పండి.