3.4 నలుపు-తెలుపు ఫోటోల ముద్రణకు ఇంక్‌జెట్ ప్రింటర్ ఎంపిక

పాత ఫోటోను స్కాన్ చేసి సరిదిద్దే పద్ధతిని ఇంతకు ముందు తెలుసుకున్నారు. దానిని కాగితం మీదికి తెచ్చే యంత్రాన్ని ఎలా ఎంచుకోవాలో ఈ విభాగంలో పరిశీలిద్దాం. గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు వంటి పట్టణాల స్టూడియోలకు తాతల నాటి ఫోటోలు తెచ్చి పెద్దవి చేయమని అడిగేవారు ఉంటారు. తరచుగా ఆ మనిషికి మిగిలిన ఫోటో అదొక్కటే. పటం కట్టించిన తరువాత ముఖం పచ్చగా కనిపించినా, కొన్నేళ్లకే వెలిసిపోయినా ఆ కుటుంబానికి కలిగే బాధ చిన్నది కాదు.

3.4.1 బూడిద ఛాయ ఎలా ఏర్పడుతుంది?

నల్ల సిరా ఒక్కటే వాడితే లేత ఛాయల కోసం చుక్కలను దూరం దూరంగా వేయాలి. అప్పుడు చెంపల మీద ఇసుక చల్లినట్లు గరుకు కనిపిస్తుంది. నీలం, మెజెంటా, పసుపు కలిపి బూడిద ఛాయ తెస్తే గరుకు తగ్గుతుంది కాని, వాటి పాళ్లు కొంచెం తప్పినా రంగు తేలుతుంది. ఎండలో సరిగా ఉన్న ఫోటో ట్యూబులైటు కింద పచ్చగానో ఎర్రగానో కనిపించవచ్చు. ప్రింటర్‌లో విడిగా బూడిద సిరా ఉంటే ఈ రెండు లోపాలూ చాలావరకు తగ్గుతాయి. కాబట్టి 'ఎన్ని రంగులు?' అని కాక, 'బూడిద సిరా ఉందా?' అని అడగండి. ఉదాహరణకు ఎప్సన్ ఎల్805లో ఆరు సిరాలున్నా బూడిద లేదు. ఎల్8180 ఆరింటిలో ఒకటి బూడిద.

3.4.2 సిరా, కాగితం

డై సిరా కాగితంలోకి ఇంకుతుంది. మెరుపు బాగుంటుంది, ధర తక్కువ, కాని వెలుతురుకు, గాలికి త్వరగా వెలుస్తుంది. పిగ్మెంట్ సిరాలోని సన్నని రేణువులు పైభాగాన నిలుస్తాయి. ఎక్కువ కాలం మన్నుతాయి. కానన్ ఇమేజ్‌ప్రోగ్రాఫ్ ప్రో-300 పిగ్మెంట్ యంత్రం. అందులోని 10 కార్ట్రిజ్‌లలో బూడిదతోపాటు మెరుపు కాగితానికి ఒక నలుపు, మ్యాట్ కాగితానికి మరో నలుపు ఉంటాయి. మేలైన మ్యాట్ కాగితాలలో కొన్ని పత్తి పీచుతో చేసినవే. జిన్నింగ్ అయ్యాక గింజను అంటుకొని మిగిలే పొట్టి నూగు కూడా ఇలాంటి కాగితానికి ముడిసరుకు అవుతుంది.

3.4.3 మన ప్రాంతంలో జాగ్రత్తలు

వేసవిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వాడకుండా ఉంచితే హెడ్ రంధ్రాలలో సిరా ఎండిపోతుంది. వారానికి ఒకసారైనా నాజిల్ చెక్ తీయండి. గోడ స్విచ్‌తో కాక ప్రింటర్ మీటతోనే ఆపండి. అప్పుడే హెడ్ తన మూత కిందికి చేరుతుంది. కరెంటు పోయినా ఈ పని పూర్తి కావాలంటే యు.పి.ఎస్. అవసరం. మిర్చి దుమ్ము, పత్తి నూగు కాగితం మీద పడితే ముద్రణలో తెల్లని మచ్చలు మిగులుతాయి. యంత్రానికి గుడ్డ కప్పండి, కాగితాన్ని సంచిలోనే ఉంచండి.

3.4.4 నిర్ణయం

మీ పనిలో ఎక్కువ భాగం పాస్‌పోర్టు, పెళ్లి ఫోటోలై, నలుపు-తెలుపు పని అప్పుడప్పుడే వస్తే బూడిద సిరా ఉన్న ట్యాంకు ప్రింటర్ చాలు. ఎక్కువ కాలం నిలవాల్సిన పెద్ద పటాలు ప్రతి వారం చేస్తుంటే పిగ్మెంట్ యంత్రం కొనండి. నెలకు ఒకటి రెండే వస్తే వాటిని పిగ్మెంట్ యంత్రమున్న ల్యాబ్‌కు పంపడం మేలు. ఖాళీగా ఉన్న యంత్రం శుభ్రపరచుకోవడానికే ఖరీదైన సిరా తాగుతుంది.

అభ్యాసం

తెలుపు నుంచి నలుపు వరకు 10 శాతం చొప్పున ముదిరే 11 గడుల పట్టీ తయారుచేసి, పెన్‌డ్రైవ్‌లో దుకాణానికి తీసుకువెళ్లి ముద్రింపించండి. దానిని ఎండలో, ఎల్.ఇ.డి. దీపం కింద, ట్యూబులైటు కింద చూడండి. ఏ గడిలో రంగు తేలింది? చివరి రెండు ముదురు గడులు వేరుగా కనిపిస్తున్నాయా? మీ పరిశీలనను రాసుకున్న తరువాతే ధర అడగండి.