రైఫిలు కొనబోవు రైతులు పరీక్షింపవలసిన విషయములు

పంటకాపుకొఱకు తుపాకీ సంపాదింపగోరు పట్టాదారులు, బేరమునకు దిగుటకు పూర్వమే తమకు వలసినది రైఫిలో, నున్నని గొట్టముగల తుపాకియో నిర్ణయించుకొనవలెను. 1959 సంవత్సరపు ఆయుధముల చట్టము పంటకాపుకై ముందుగా నుద్దేశించినది మూతినుండి మందు దట్టించు తుపాకీని. అది చాలదని లైసెన్సు నిచ్చు అధికారికి తోచినయెడల నున్నని గొట్టముగల వేఱొక తుపాకికి లైసెన్సు నియ్యవచ్చును. రైఫిలు కోరువారు తగిన కారణము చూపవలసియుండును. రైఫిలు గుండు మైలునకు మించి పోగలదు గనుక ఊరిదాపు చేలకు అది తగదని మా యభిప్రాయము. లైసెన్సు చేతనున్నంత మాత్రమున అడవిపందిని కాల్చరాదు. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద ప్రత్యేకముగా అనుమతి పొందవలెను.

లైసెన్సుదారులకై ఇషాపూరు కర్మాగారమున చేయబడిన .315 బోరు రైఫిళ్లు లీ-ఎన్‌ఫీల్డు పద్ధతివి. చేతులు మాఱిన రైఫిళ్లను కొనువారు ఈ క్రింది సంగతులను మిక్కిలి శ్రద్ధతో గమనింపవలెను.

రైఫిలు చేతికిచ్చినతోడనే మూతిని నిర్జనమైన దిక్కునకు త్రిప్పి, మేగజైనును తీసి, బోల్టును వెనుకకు లాగి, తూటా అమరు గదిని కంటితోను వ్రేలితోను చూడవలెను. “ఖాళీదే” యని అమ్మువాడు చెప్పిన మాటను నమ్మరాదు.

పిమ్మట బోల్టును తీసివైచి గొట్టమును వెలుతురునకెత్తి వెనుకనుండి చూడవలెను. నూనె నిండియున్నచో పొడిగుడ్డతో తుడిపించి మఱల చూడవలెను. నూనె క్రింద త్రుప్పు దాగియుండుట తఱచు. గొట్టములో మెలికలు తిరిగిన గాళ్లే గుండును గిరగిర త్రిప్పి తిన్నగా నడపునవి. వాని యంచులు మొదటినుండి తుదివఱకు స్పష్టముగా కనబడవలెను. నల్లని గుంటలున్నచో త్రుప్పు లోహమును తినినదని యెఱుగునది. గొట్టములో నొకచోట ఉంగరమువలె నీడ కనబడినయెడల అది యుబ్బిన గుర్తు. ఏదేని అడ్డముండగా కాల్చినప్పుడు ఇట్లగును. అట్టి రైఫిలును ఎంత చౌకగా నిచ్చినను తీసికొనరాదు. మూతి యంచు నొక్కుపడియున్నను, లోపలినుండి శుభ్రపఱచు కడ్డీ రాపిడిచే అరిగియున్నను గుఱి చెడును.

అన్నిటికంటె ముఖ్యమైనది బోల్టు. పేలుడు ఒత్తిడి నంతటిని ఆపునది అదియే. కాల్చువాని ముఖము దానికి జానెడు దూరమున నుండును. బోల్టుమీది అంకెయు రైఫిలు దేహముమీది అంకెయు ఒకటియై యుండవలెను. వేఱైనచో మఱియొక రైఫిలు బోల్టు తెచ్చి తొడిగిరన్నమాట. బోల్టు తాళముపడు మెట్టలు రెండును సమముగా ఒఱసికొనిన గుర్తులు కలిగియుండవలెను. ఒకటి మెఱసి, రెండవది నల్లగానే యున్నచో భారమంతయు ఒకదానిపైననే పడుచున్నది. బోల్టునకును తూటా మడమకును నడుమ సందు హెచ్చినయెడల ఇత్తడి తొడుగు సాగి చిట్లి, మండుచున్న వాయువు వెనుకకు తన్నును. ఈ సందును కంటితో కొలువలేము. తుపాకులు బాగుచేయువానియొద్ద రెండు గేజులుండును: ఒకదానిపై బోల్టు మూసికొనవలెను, రెండవదానిపై మూసికొనరాదు. ఈ పరీక్షకగు కూలికి వెనుదీయరాదు.

మీటను మాటిమాటికి నొక్కి చూచుట కొందఱి యలవాటు. మందులేని బొమ్మ తూటా పెట్టియే చూడవలెను. మీట మఱీ తేలికగా జాఱరాదు. సేఫ్టీ పెట్టి గట్టిగా నొక్కినను, మడమను రబ్బరుచాపపై తట్టినను, గుర్రము విడిపడరాదు.

కొయ్య విషయమై, మెఱుగునకు మోసపోక, పిడికిట పట్టు సన్నని చోట ఈనె వాలు చూడవలెను. ఈనె అడ్డముగా తెగియున్నచో అక్కడనే విఱుగును. మరలకు సంబంధించిన ఇనుపదిమ్మ వెనుక సన్నని పగులు గలదేమో గోటితో తడవి చూడవలెను. మరమేకుల తలలు చెదరియున్నచో అనుభవము లేనివాడు రైఫిలును విప్పినాడని గ్రహింపవచ్చును. చెక్కడపు పనికి కొనువాడు కాసైనను హెచ్చుగా నియ్యనక్కఱలేదు.

తయారుచేసినవారి పేరును, అంకెయు, పరీక్షముద్రయు లేనివి, లేక ఆకురాయితో చెరిపినవి, కొనరాదు. అంకెను లైసెన్సులోని అంకెతో సరిచూడవలెను. వర్తకుడు కాక లైసెన్సుదారుడే అమ్మునప్పుడు, తాను అమ్మదలచినట్లు జిల్లా మేజిస్ట్రేటునకు గాని దగ్గఱి పోలీసుఠాణాకు గాని వ్రాతమూలముగా తెలిపి 45 దినములు గడచిన పిదపనే అమ్మవలసియుండును. ఆ వ్రాతయొక్క నకలును చూపుమని యడిగి, చూచిన పిదపనే బయానా ఇయ్యవలెను.