తెలుగు నచ్చొత్తించిన షుల్జె పాదిరిగారు

తెలుగు అక్షరములతో అచ్చుపడిన తొలి పుస్తకము లే యూర పుట్టినవని మొన్న పై తరగతి విద్యార్థుల నడిగితిమి. చెన్నపట్టణమని కొందఱు, బందరని కొందఱు చెప్పిరి. జర్మనీ దేశములోని హాల్లె పట్టణమని మేము చెప్పగా నొక్కరును నమ్మలేదు. కావున నా పుస్తకములను వ్రాసిన బెంజమిన్ షుల్జె పాదిరిగారి చరిత్ర నిచ్చట కొంత వ్రాయుచున్నాము. ఆయన పేరు నేడు స్వదేశమునందే యెఱిగినవారు తక్కువ.

ఆయన 1689 సంవత్సరమున బ్రాండెన్‌బర్గు సీమలో జన్మించి, హాల్లెలో చదివి, 1719లో తరంగంబాడి మిషనుకు వచ్చెను. సీగెన్‌బాల్గు గారి మరణముచే నిలిచిపోయిన అరవ పాత నిబంధనను పూర్తిచేసెను. పనియందు దిట్ట, గాని తోడి మిషనరీలతో పొసగని స్వభావము. తగవులు ముదిరి 1726లో చెన్నపట్టణము చేరెను. తగవు మంచిది కాదు. అయినను అది లేకున్న ఆయనకు తెలుగుతో పరిచయమే కలుగకపోవునేమో!

అచ్చట ఆయన బడి పెట్టి, తెలుగు నేర్చి, 1728లో తెలుగు వ్యాకరణమును రచించెను. 1732 నాటికి సత్యవేద మంతయు తెనిగించెను. ఇంత శ్రమకు కలిగిన ఫలమేమి? ఆ సత్యవేదము అచ్చుకాలేదు. వ్రాతప్రతి హాల్లెలో నుండిపోయినది. వ్యాకరణము 1984లో గాని వెలుగు చూడలేదు. తెలుగువారి చేతికి అచ్చు సువార్తలు 1812లో, డెగ్రాంజెసు గారి తర్జుమాగా శ్రీరామపురము ముద్రాశాలనుండి వచ్చినవి. ఆయన తెలుగు నుడికారమునకు దూరమని పండితులు తప్పుపట్టిరి. అది నిజమే యగుగాక; నిఘంటువులు చేతికందని కాలమున, వినికిడియే గురువుగా నేర్చిన భాష యది.

దేహము చెడి 1743లో స్వదేశమునకు మరలినను ఊరకుండలేదు. హాల్లెలో తెలుగు అచ్చుదిమ్మలు పోయించి, 1746లో ప్రశ్నోత్తర రూపమైన చిన్న ఉపదేశ గ్రంథమును, మరి కొన్నిటిని అచ్చొత్తించెను. ఆ పట్టణమునుండియే 1710 మొదలు మిషనరీల ఉత్తరములును దినచర్యలును వరుసగా ప్రకటింపబడుచుండెను. ఐరోపావారు మన దేశపు వార్తలను వానిలో చదువుకొనిరి. షుల్జెగారి వ్రాతలును వానిలో గలవు. తాను మొదట తెలుగున వ్రాసికొనిన చెన్నపట్టణపు సంభాషణలను ఇంగ్లీషు చేసి 1750లో ప్రకటించెను. అందు ఊరివారి మాటలు, ఆచారములు కనబడును. ఇట్టి రచనను చూచియే ఆయనను విలేఖరి యనదగునని మా తలంపు.

మా కిషన్‌బాగు వారికి మిక్కిలి ప్రియము కాదగిన పుస్తకము మఱియొకటి కలదు. అది 1745లో హాల్లెలో అచ్చయిన హిందుస్తానీ వ్యాకరణము, లాటిను భాషలోనిది. ఆయన చెన్నపట్టణమున విన్న హిందుస్తానీ దక్కనీయే. గ్రియర్సను పండితుడు తన భాషా సర్వేలో ఈ పుస్తకమును విమర్శించుచు, ట డ లు మొదలగు వానిని, ఒత్తు అక్షరములను గమనింపలేదనియు, భూతకాలమున ‘నే’ అను ప్రత్యయము వాడుట ఎఱుగడనియు వ్రాసెను. మొదటి తప్పును మేమును ఒప్పుకొందుము. రెండవదానిని తరగతిలో చెప్పగానే వెనుక బల్లపై పిల్లలు నవ్విరి. పుస్తకములలో ‘మై నే ఖానా ఖాయా’ యని యుండగా, మా వీధిలో ‘మై ఖానా ఖాయా’ యనియే కదా అందురు! షుల్జెగారు విన్నది విన్నట్లే వ్రాసిరి కాబోలు.

ఆయన 1760లో హాల్లెలోనే మృతినొందెను.