థైరాయిడ్‌కి అయోడిన్ యావ

మనిషి ఒంట్లో ఉండే అయోడిన్ అంతా పోగేసినా 15, 20 మిల్లీగ్రాములకు మించదు. అందులో ముప్పావు వంతు దాకా ఒక్కచోటే ఉంటుంది. మెడలో, కంఠమణికి కాస్త కిందగా, శ్వాసనాళాన్ని కరుచుకుని ఉండే థైరాయిడ్ గ్రంథి ఆ చోటు. పెద్దవాళ్లలో దాని బరువు 20 గ్రాములు, అటూ ఇటూగా. రక్తంలో ఉన్నదానికి 20 నుంచి 40 రెట్ల గాఢతలో అయోడిన్‌ను అది లోపలికి లాక్కుని దాచుకుంటుంది. అది తయారుచేసే థైరాక్సిన్ హార్మోన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉండి తీరాలి మరి. గుండె వేగం, ఒంటి వేడి, పేగుల కదలిక, పసిపిల్లల మెదడు ఎదుగుదల, అన్నింటి మీదా ఆ హార్మోన్ పెత్తనం ఉంది. లాలాజల గ్రంథులు, జీర్ణాశయం, పాలిచ్చే రొమ్ము కూడా కొంత అయోడిన్ తీసుకుంటాయి గానీ థైరాయిడ్‌కి ఉన్నంత యావ దేనికీ లేదు.

అయోడిన్ దొరక్కపోతే గ్రంథి ఊరుకోదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ నుంచి టీఎస్‌హెచ్ అనే హార్మోన్ వచ్చి ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి అని తరుముతుంటే, ఉన్న కాస్త అయోడిన్‌నీ వదలకుండా పట్టుకోవడానికి గ్రంథి పెరుగుతూ పోతుంది. మెడ ముందు గడ్డలా వేలాడే గాయిటర్ ఇలా వచ్చేదే. హిమాలయాల వారగా ఉన్న ఊళ్లలో ఇది ఒకప్పుడు ఇంటింటా కనిపించేది. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకున్న వులిమిరి రామలింగస్వామి 1956లో కాంగ్రా లోయలో ఒక పని మొదలుపెట్టారు. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. అయిదారేళ్లకు ఆ రెండు చోట్లా గాయిటర్ బాగా తగ్గింది, మూడోచోట తగ్గలేదు. 1962లో దేశవ్యాప్తంగా గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలవడానికి బలమైన ఆధారం అక్కడ దొరికింది. ఇప్పుడు మన వంటింట్లో ఉన్న ఉప్పు ప్యాకెట్ వెనకాల ఉన్న మనుషుల్లో ఒకరు మన శ్రీకాకుళం వారని మనలో ఎంతమందికి తెలుసో!

ఉప్పులో అయోడిన్ కలిపాక థైరాయిడ్ క్యాన్సర్ల తీరు కూడా మారింది. అయోడిన్ కొరత ఉన్న చోట్ల ఫాలిక్యులర్ రకం పాలు ఎక్కువ. ఇది రక్తం ద్వారా ఎముకలకు, ఊపిరితిత్తులకు పాకుతుంది. కొరత తీరిన చోట పాపిల్లరీ రకానిదే పైచేయి. ఇది నెమ్మది రకం, ముందు మెడలోని లింఫ్ గ్రంథులకు పాకుతుంది, వైద్యానికి బాగా లొంగుతుంది. ఇవాళ థైరాయిడ్ క్యాన్సర్లలో నూటికి 80 దాకా పాపిల్లరీవే. ఈ రెండు రకాలూ పుట్టేది అయోడిన్‌ను పట్టుకునే కణాల్లోనే. ఆ కణాలు దారి తప్పాక కూడా పాత అలవాటును చాలావరకు వదులుకోవు. వైద్యానికి చిక్కే పట్టు అదే.

ఆ పట్టు దొరికిన తీరు చెప్పుకోవాలి. 1936 నవంబరు 12న బోస్టన్‌లో, హార్వర్డ్ వైద్య కళాశాల భోజన సమావేశంలో ఎం.ఐ.టి. అధ్యక్షుడు కార్ల్ కాంప్టన్ భౌతికశాస్త్రం వైద్యానికి ఎలా ఉపయోగపడుతుందో చెప్పారు. విన్నవాళ్లలో మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి థైరాయిడ్ క్లినిక్‌లో పనిచేసే సాల్ హెర్ట్జ్ అనే ముప్పై ఒక్క ఏళ్ల డాక్టరు ఉన్నాడు. అయోడిన్‌ను కృత్రిమంగా రేడియోధార్మికం చేయడం కుదురుతుందా అని అడిగాడు. కుదురుతుందని జవాబు వచ్చింది. మొదట తయారైన అయోడిన్-128 అర్ధాయువు 25 నిమిషాలు. కుందేళ్ల మీద ప్రయోగాలకు సరిపోయింది గానీ వైద్యానికి ఆ వ్యవధి చాలదు. 1938లో బర్కిలీలో జాన్ లివింగుడ్, గ్లెన్ సీబోర్గ్ అయోడిన్-131ను కనుక్కున్నారు. దీని అర్ధాయువు ఎనిమిది రోజులు. హెర్ట్జ్ 1941లో థైరాయిడ్ మితిమీరి పనిచేస్తున్న రోగులకు రేడియో అయోడిన్ ఇవ్వడం మొదలుపెట్టాడు. రోగి దాన్ని తాగుతాడు, అంతే. మిగతా పని గ్రంథి తనంతట తానే చేసుకుంటుంది, తన చావును తనే లోపలికి పిలుచుకుంటుంది. అయోడిన్-131 నుంచి వచ్చే బీటా కిరణాలు ఒంట్లో రెండు మిల్లీమీటర్లకు మించి పోవు కనుక పక్కనున్న అవయవాలకు తగిలే దెబ్బ తక్కువ.

క్యాన్సర్ విషయంలో మలుపు న్యూయార్క్‌లో వచ్చింది. మాంటిఫియోర్ ఆస్పత్రిలో శామ్యూల్ సైడ్లిన్ దగ్గరికి ఒక రోగి వచ్చాడు. ఏళ్ల కిందటే థైరాయిడ్ తీసేశారు. అయినా గుండెదడ, బరువు తగ్గడం, చేతుల వణుకు, అన్నీ థైరాయిడ్ ఎక్కువైన లక్షణాలే. గ్రంథి లేని మనిషికి హార్మోన్ ఎక్కడి నుంచి వస్తోంది? ఒంట్లో వేరే చోట్లకు పాకిన క్యాన్సర్ గడ్డలే దాన్ని తయారుచేస్తున్నాయి. అంటే అయోడిన్‌ను అవే పట్టుకుంటున్నాయన్నమాట. సైడ్లిన్ బృందం 1943లో రేడియో అయోడిన్ ఇచ్చింది, అది వెళ్లి సరిగ్గా ఆ గడ్డల్లోనే చేరింది. ఈ సంగతి 1946లో అచ్చయింది. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి దానికే చేరే మందుల గురించి ఈ రోజుల్లో చాలా వింటున్నాం. వాటికి పెద్దన్న ఈ ఎనభై ఏళ్ల నాటి ద్రావణమే.

మన దేశంలో ఈ వైద్యానికి ముంబయిలో 1963లో ఏర్పడిన రేడియేషన్ మెడిసిన్ సెంటర్ పునాది వేసింది. ఇప్పుడు హైదరాబాద్ లాంటి నగరాల్లోని పెద్ద ఆస్పత్రుల న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లోనూ దొరుకుతోంది. అసలు మందు కన్నా దానికి ముందు తయారీయే రోగులకు కష్టం. ఆపరేషన్ అయ్యాక మిగిలిపోయిన కణాలకు బాగా ఆకలి పుట్టించాలి. అందుకని థైరాక్సిన్ మాత్ర మూడు నాలుగు వారాలు ఆపేస్తారు. టీఎస్‌హెచ్ 30 దాటేదాకా ఆగుతారు. ఆ రోజుల్లో మనిషి మొహం ఉబ్బి, చలికి ముడుచుకుపోయి, మలబద్ధకంతో, మగతగా ఉంటాడు. మాత్ర ఆపకుండానే టీఎస్‌హెచ్‌ను పెంచే ఇంజెక్షన్లు వచ్చాయి గానీ ఖరీదెక్కువ. దానికి తోడు ఒకటి రెండు వారాలు అయోడిన్ తక్కువగా ఉండే పథ్యం. అయోడిన్ కలపని ఉప్పు వెతుక్కోవాలి. చేపలు, రొయ్యలు, గుడ్డు పచ్చసొన, పాలు వద్దు. పెరుగూ వద్దనగానే మనవాళ్ల మొహం చూడాలి! హోటల్ తిండీ, ఏ ఉప్పు వేశారో తెలియని ఊరగాయలూ అంతే.

మందు రోజున రోగిని విడి గదిలో ఉంచుతారు. సీసపు డబ్బాలోంచి తీసిన గుళికో, నాలుగు చుక్కల ద్రావణమో, గుటకలో అయిపోతుంది. రుచీ వాసనా ఉండవు. ఇచ్చిన మనిషి వెంటనే దూరం జరుగుతాడు. ఆ క్షణం నుంచి కిరణాలు వెలువడేది రోగి ఒంట్లోంచే. తిండి గుమ్మం దగ్గర పెట్టి వెళ్తారు. నీళ్లు బాగా తాగి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లమంటారు, ఎందుకంటే కణాలు పట్టుకోని అయోడిన్ బయటికి పోయేది ఎక్కువగా ఆ దారినే. ఆ గది మరుగుదొడ్డి నీళ్లు ఊరి కాలువలో కలవవు. ప్రత్యేకమైన ట్యాంకుల్లో నిలవ ఉండి, రేడియోధార్మికత చాలావరకు చచ్చాకే బయటికి వదులుతారు. లాలాజల గ్రంథులు కూడా కొంత అయోడిన్ పీల్చుకుంటాయి కనుక దవడలు వాచడం, నోరు ఎండడం, కొన్నాళ్లు రుచి తెలియకపోవడం ఉంటాయి. టెక్నీషియన్ రోజూ మీటరు పట్టుకుని కొలుస్తాడు. అంకె అనుమతించిన మేరకు దిగగానే, మామూలుగా రెండు మూడు రోజుల్లో, ఇంటికి పంపుతారు. పసిపిల్లలకు, గర్భిణులకు మరికొన్నాళ్లు దూరంగా ఉండాలి. ఆడవాళ్లు ఆరు నెలల నుంచి ఏడాది దాకా గర్భం రాకుండా చూసుకోవాలి.

అందరికీ ఇది అక్కర్లేదని కూడా తేలుతోంది. ముప్పు తక్కువగా ఉన్న చిన్న కణితులకు ఆపరేషన్ తర్వాత అయోడిన్ ఇవ్వకుండా గమనిస్తూ ఉంటే మూడేళ్ల దాకా ఫలితంలో తేడా లేదని ఫ్రాన్స్ వైద్యులు 2022లో చూపించారు.

ఆపరేషన్ మాత్రం దాదాపు అందరికీ మొదటి మెట్టు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో థైరాయిడ్ ఆపరేషన్ అంటే నెత్తుటి మడుగే. చాలామంది బల్ల మీదే పోయేవారు. స్విట్జర్లాండ్‌లో బెర్న్ నగరపు సర్జన్ థియోడర్ కోకర్ రక్తనాళాలను ఒక్కొక్కటే కట్టుకుంటూ, నింపాదిగా కోసి, మరణాలను ఒక శాతం లోపుకు తెచ్చాడు. అయితే గ్రంథి మొత్తం తీసేసిన పిల్లలు ఎదుగుదల ఆగి, మందమతులవుతున్నారని 1883లో తనే బయటపెట్టాడు. ఆ రోజుల్లో థైరాయిడ్ ఎందుకుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. కోకర్‌కు 1909లో నోబెల్ వచ్చింది. ఆ లోపే, 1891లో, న్యూకాజిల్ వైద్యుడు జార్జ్ మర్రే గొర్రె థైరాయిడ్ రసాన్ని 46 ఏళ్ల స్త్రీకి సూదిమందుగా ఇచ్చి కోలుకునేలా చేశాడు. ఆమె మరో 28 ఏళ్లు బతికింది. ఇప్పుడు పరగడుపున వేసుకునే థైరాక్సిన్ మాత్ర ఆ రసానికి వారసురాలు.

నేటి సర్జన్లకు రెండు భయాలు. గ్రంథి వెనకాలే గొంతు తీగలను కదిలించే సన్నని నరం పోతుంది. అది తెగితే గొంతు బొంగురుపోతుంది. ఇక గ్రంథిని అంటుకుని ఉండే నాలుగు పారాథైరాయిడ్‌లు, బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దవి, రక్తంలో కాల్షియాన్ని కాపలా కాస్తాయి. వాటికి దెబ్బ తగిలితే పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి మొదలవుతుంది. ఆపరేషన్ మర్నాడు నర్సు తిమ్మిరిగా ఉందా అని పదేపదే అడిగేది అందుకే.

అయోడిన్ యావ లేని థైరాయిడ్ క్యాన్సర్లూ ఉన్నాయి. గ్రంథిలోనే ఉండే సి-కణాలు కాల్సిటోనిన్ తయారుచేస్తాయి, అయోడిన్ జోలికి పోవు. వాటిలో పుట్టే మెడ్యులరీ క్యాన్సర్ మీద రేడియో అయోడిన్ పనిచేయదు. ఇది నలుగురిలో ఒకరికి వంశపారంపర్యం. కారణమైన రెట్ జన్యువు 1993లో దొరికింది. అప్పటి నుంచి ఆ కుటుంబాల పిల్లలకు రక్తపరీక్ష చేసి, జన్యులోపం ఉంటే క్యాన్సర్ రాకముందే, అయిదేళ్లు నిండకుండానే థైరాయిడ్ తీసేస్తున్నారు. మరీ చెడ్డ రకం మార్పు ఉంటే పుట్టిన మొదటి ఏడాదిలోనే. ఈ కుటుంబాల్లో కొందరికి అడ్రినల్ గ్రంథుల్లో ఫియోక్రోమోసైటోమా అనే కణితి కూడా వస్తుంది కనుక ముందు దాన్ని తేల్చుకోనిదే మెడ మీద కత్తి పెట్టరు. లేకపోతే మత్తు ఇచ్చాక బీపీ ఒక్కసారిగా ఎగబాకి ప్రాణం మీదికి వస్తుంది. రెట్‌ను అడ్డుకునే సెల్పర్కాటినిబ్ మాత్రలకు అమెరికాలో 2020లో అనుమతి వచ్చింది. ఇక అన్నింటికన్నా భయంకరమైన అనాప్లాస్టిక్ రకం అరుదు. వారాల్లో పెరిగి ఊపిరాడకుండా చేస్తుంది.

అదే అయోడిన్-131కి ఇంకో ముఖం ఉంది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ రియాక్టర్ పేలినప్పుడు అది గాలిలో కలిసి, గడ్డి మీద పడి, ఆవుల కడుపులోంచి పాలల్లోకి, పాలల్లోంచి పిల్లల మెడల్లోకి చేరింది. వైద్యంలో ఇచ్చే మోతాదు కణాన్ని చంపేస్తుంది. ఈ తక్కువ మోతాదు చంపకుండా డీఎన్‌ఏను గాయపరిచి వదిలేసింది. ప్రమాదం నాటికి 18 ఏళ్ల లోపు ఉన్నవాళ్లలో 2005 నాటికి 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు లెక్కకు వచ్చాయి. చనిపోయినవాళ్లు 15 మంది. పోలండ్ మాత్రం వెంటనే కోటి మందికి పైగా పిల్లలకు మామూలు అయోడిన్ తాగించింది. కడుపు నిండిన గ్రంథి విషపు అయోడిన్‌ను ముట్టుకోదు కదా.

ఈ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్లు తక్కువ, వెతికితే దొరికేవాళ్లు ఎక్కువ. దక్షిణ కొరియా దీనికి సాక్ష్యం. అక్కడ ఆరోగ్య పరీక్షల ప్యాకేజీల్లో మెడ స్కాన్ కూడా చేరడంతో 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993 నాటికన్నా 15 రెట్లయ్యాయి. మరణాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. దొరికిన వాటిలో చాలావరకు ఎవరికీ హాని చేయని బుల్లి కణితులు. అయినా మెడలు కోశారు, జీవితాంతం మాత్రలు రాశారు. జపాన్‌లో కోబె నగరంలోని కుమా ఆస్పత్రి 1993 నుంచే సెంటీమీటరు లోపు పాపిల్లరీ కణితులను కోయకుండా స్కాన్‌లతో గమనిస్తోంది. పదేళ్లలో 3 మిల్లీమీటర్లు పెరిగినవి నూటికి ఎనిమిదే. ఏ లక్షణమూ లేని మనిషికి హెల్త్ చెకప్ పేరుతో మెడ స్కాన్ చేయడం మన ఊళ్లలోనూ మొదలైంది. నా మటుకు అది సేవ అనిపించదు. తడిమితే తగిలే గడ్డ, మింగేటప్పుడు కదిలే గడ్డ, బొంగురుపోయిన గొంతు, ఇంట్లో ఇంకొకరికి ఉండటం, చిన్నప్పుడు మెడకు రేడియేషన్ ఇచ్చి ఉండటం, ఇవైతే మాత్రం ఆలస్యం చేయకుండా స్కాన్, అవసరమైతే ఎఫ్‌ఎన్‌ఏసీ సూది పరీక్ష చేయించుకోవాల్సిందే.

పాపిల్లరీ, ఫాలిక్యులర్ క్యాన్సర్లలోనూ కొన్ని కాలం గడిచేకొద్దీ అయోడిన్ తీసుకోవడం మానేస్తాయి. బ్రాఫ్ జన్యువులో మార్పు వచ్చిన కణాల్లో అయోడిన్‌ను లోపలికి చేరవేసే ప్రోటీన్ తగ్గిపోతుంది. ఈ చేరవేసే ప్రోటీన్ జన్యువు 1996లోనే బయటపడింది. దాన్ని మళ్లీ తెరిపించవచ్చా అని న్యూయార్క్ వైద్యులు సెలుమెటినిబ్ అనే మందును నాలుగు వారాల పాటు 20 మందికి ఇచ్చి చూశారు. 2013లో వచ్చిన ఫలితం ప్రకారం 12 మందిలో అయోడిన్ పట్టు పెరిగింది, ఎనిమిది మందికి రేడియో అయోడిన్ ఇవ్వగలిగారు, వాళ్లలో అయిదుగురికి కణితులు తగ్గాయి. అదే మందును ఆపరేషన్ అయిన వెంటనే, ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు అయోడిన్‌తో పాటు ఇస్తే మేలు జరుగుతుందేమోనని 233 మందితో పెద్ద పరీక్ష పెట్టారు. 2022లో వచ్చిన జవాబు: తేడా లేదు. ఇప్పుడు చూపంతా అయోడిన్‌ను నిజంగానే వదిలేసిన కణితుల మీద, ఏ కణితిలో ఏ జన్యువు మారిందో ముందే చూసి దానికి తగిన మందును ఎంచుకోవడం మీద ఉంది.